శక్తి పెంచిన ఇంజిన్‌కు ట్రెమెక్ టీకేఎక్స్ గేర్‌బాక్సు: వాడి చూశాక నా అభిప్రాయం

ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నింపే సూపర్‌ఛార్జర్ బిగించాక నా కారు ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు 500 న్యూటన్ మీటర్లకు చేరింది. కొన్ని నెలలకే పాత గేర్‌బాక్సులో మూడో గేరు పళ్ళు విరిగాయి. విప్పి చూస్తే అవి అరిగినట్టు లేవు, మొదలంటా తెగిపోయి ఉన్నాయి. గేర్ల మీద భారం పడినప్పుడు వాటిని మోసే రెండు షాఫ్టులు (ఇరుసులు) ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. పెట్టె బలహీనమైనదైతే ఆ తోపుడుకు కొద్దిగా విచ్చుకుంటుంది, పళ్ళు పూర్తి లోతున కాక కొసల దగ్గర కలుస్తాయి, ఇక విరగడానికి ఎంతో సమయం పట్టదు. అందువల్ల పాత పెట్టెలోనే గట్టి గేర్లు వేస్తే చాలన్న సలహాను పక్కనపెట్టి, ఐదు గేర్ల ట్రెమెక్ టీకేఎక్స్ వేయించాను.

తయారీ సంస్థ దీనికి ప్రకటించిన టార్క్ పరిమితి 600 పౌండ్ అడుగులు, అంటే సుమారు 813 న్యూటన్ మీటర్లు. గేర్‌బాక్సును హార్స్‌పవర్ లెక్కన ఎంచుకోవడం పొరపాటు. 400 హార్స్‌పవర్‌ను నిమిషానికి 7500 చుట్ల దగ్గర ఇచ్చే ఇంజిన్ అక్కడ సుమారు 380 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తే, అదే శక్తిని 4000 చుట్ల దగ్గర ఇచ్చేది 712 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. గేరు పంటి మీద పడే భారం హార్స్‌పవర్‌ను కాక ఈ టార్క్ అంకెను బట్టే ఉంటుంది. ఇదే సంస్థ చేసే ఆరు గేర్ల మాగ్నమ్ 700 పౌండ్ అడుగుల వరకు మోస్తుంది కానీ అది పెద్దది, దానికోసం కారు అడుగున ఉన్న రేకును కోయవలసి రావచ్చు. నా అవసరానికి టీకేఎక్స్ చాలు.

ఇందులో మొదటి గేరు నిష్పత్తి 3.27 ఉన్న రకం, 2.87 ఉన్న రకం రెండూ దొరుకుతాయి. నేను రెండోది తీసుకున్నాను. 500 న్యూటన్ మీటర్లు మొదటి గేరులో 3.27 రెట్లయితే 1635, 2.87 రెట్లయితే 1435 అవుతాయి. బలమైన ఇంజిన్‌కు ఆ తేడా అక్కరలేదు, పైగా ఆ మేరకు, గేర్‌బాక్సు నుంచి శక్తిని వెనక్కి చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టుకూ, దాన్ని రెండు చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌కూ భారం తగ్గుతుంది. నాలుగో గేరు నిష్పత్తి 1, ఐదోది 0.68 కావడంతో, నాలుగో గేరులో 3000 చుట్లు తిరిగే ఇంజిన్ అదే వేగంలో ఐదులో 2040 చుట్లకు దిగుతుంది. దూర ప్రయాణంలో ఆ నిశ్శబ్దం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది.

గేర్‌బాక్సు మంచిదైనా, బిగింపులో నాకు ఇబ్బంది ఎదురైంది. పని చేసిన వర్క్‌షాపువారు ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే బెల్ హౌసింగ్ అనే గుల్ల కేంద్రాన్ని డయల్ గేజీతో (సన్నని తేడాలను చూపే ముల్లు కొలమానం) కొలవకుండానే గేర్‌బాక్సు ఎక్కించారు. మొదటి రోజు నుంచీ రెండో గేరు బిగుతుగా పడేది. దింపించి కొలిపిస్తే ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్టు కేంద్రానికీ బెల్ హౌసింగ్ రంధ్రానికీ మధ్య 0.3 మిల్లీమీటర్ల తేడా తేలింది. సాధారణంగా అనుమతించేది 0.127 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో వెయ్యింట ఐదు వంతులు. బెల్ హౌసింగ్‌ను సరైన చోట నిలిపే డోవెల్ పిన్నులను, కేంద్రం కాస్త పక్కకు జరిపి చేసిన రకానివి, వేసి సరిచేశాక గేర్లు వేలితో నెట్టినట్టు పడుతున్నాయి. ఈ కొలతను ముందే తీయించుకోవాలని ప్రతి ఒక్కరినీ గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే కేంద్రం కుదరక, ఇంజిన్ వైపు ఇరుసును మోసే ఇన్‌పుట్ బేరింగు నెమ్మదిగా పాడైపోతుంటే ఆ నేరం చాలామంది కొత్త గేర్‌బాక్సు మీద మోపుతారు.

క్లచ్ విషయంలోనూ తొందర కూడదు. ఎక్కువ టార్క్ పట్టుకుంటుందని స్ప్రింగులు లేని గట్టి లోహపు ప్లేటు వేస్తే, ఇంజిన్ కుదుపంతా నేరుగా పళ్ళకు చేరుతుంది. నేను స్ప్రింగులున్న ప్లేటే వేయించి, మొదటి 800 కిలోమీటర్లు ఊళ్ళో నెమ్మదిగా నడిపి దాన్ని కుదురుకోనిచ్చాను. ప్రొపెల్లర్ షాఫ్టు రెండు చివరల కోణాలు కూడా ఒక డిగ్రీ తేడాలోపు కలిసేలా సరిచూశాకే 100 కిలోమీటర్ల వేగం దాటిన తర్వాత వచ్చే సన్నని వణుకు పోయింది.

ఇప్పుడు ఇంజిన్ నుంచి చక్రాల దాకా ఉన్న ఈ వరుసలో బలహీనమైనది డిఫరెన్షియల్. 5000 కిలోమీటర్లకు దాని నూనె మార్పించినప్పుడు అయస్కాంతపు ప్లగ్గుకు మెత్తని బూడిదరంగు పొడి మాత్రమే అంటింది, లోహపు ముక్కలేవీ లేవు. మరో 5000 కిలోమీటర్లకు మళ్ళీ విప్పించి చూస్తాను.