గొంగడిపై లినెన్ దారం: మూడు మిషన్లు వాడి చూశాక

దక్కనీ గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి దళసరిగా, బిరుసుగా ఉంటుంది. ఆ గొంగడి ముక్కలతో సంచులు కుడుతున్న నేను, నల్లటి ఉన్నిపై తేలికగా మెరిసే లినెన్ దారపు కుట్టు కోసమే మూడు రకాల మిషన్లను వాడి చూశాను.

మిషను సంగతికి ముందు దారం సంగతి తెలియాలి. అవిసె నారతో వడికిన లినెన్ దారం దాదాపు సాగదు, పైగా అక్కడక్కడ ఉండలు కట్టి ఉంటుంది. మిషను మీద దారంలోని ప్రతి భాగమూ కుట్టులో కుదురుకునేలోపు సూది బెజ్జంలోంచి అనేకసార్లు కిందికీ పైకీ జారుతుంది. పాలియెస్టర్ దారం ఆ ఒరిపిడిని తట్టుకుంటుంది గానీ, లినెన్ దారానికి పీచు లేచి, కాసేపటికి పుటుక్కున తెగుతుంది. అందుకే మోటారు బలం కంటే ముందు, ఎంత లావు సూది పడుతుందో, గుడ్డ పైపొరను మిషను ఎలా నడిపిస్తుందో అడగాలి.

మొదట కొన్నది ఎన్నో రకాల డిజైన్ కుట్లున్న చిన్న కరెంటు మిషను. గుడ్డను అదిమిపట్టే దాని పాదం కింద నాలుగు పొరల గొంగడి పట్టడమే కష్టమైంది. రెండో సంచికే సూదికీ షటిల్‌కీ పొంతన తప్పింది. ఈ పనికి అటువంటిది కొనవద్దని గట్టిగా చెబుతాను.

రెండోది మన దర్జీలందరి దగ్గరా కనిపించే, కాళ్ళతో తొక్కే నల్ల ఇనుప మిషను. 18 నంబరు సూది వేసి, కుట్టు పొడవును పూర్తిగా పెంచి, పాదం ఒత్తిడి తగ్గించి, పైన 40/2 లినెన్ దారమూ (మొదటి అంకె తగ్గేకొద్దీ పోగు లావవుతుంది, రెండోది పేటల సంఖ్య) బాబిన్‌లో పాలియెస్టర్ దారమూ పెడితే రెండు పొరల మీద ముచ్చటైన కుట్టు పడింది. మందమైన చోట చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ ఒక్కొక్క కుట్టే వేయవచ్చు. అయితే ఇందులో కింది పళ్ళు మాత్రమే గుడ్డను లాగుతాయి కాబట్టి, మూరెడు కుట్టు పూర్తయ్యేసరికి పైపొర వేలెడు మిగిలిపోతుంది. దగ్గర దగ్గరగా టాకాలు వేసుకోక తప్పదు.

ఆ ఇబ్బంది లేనిది, ఒక సంచుల కార్ఖానాలో నేను రెండు రోజులు వాడిన జూకీ డీఎన్‌యూ-1541 అనే మిషను. దీనిలో పళ్ళు, సూది, పాదం మూడూ కలిసి గుడ్డను నడుపుతాయి కనుక పొరలు ఒకదానిపై ఒకటి జారవు. 23 నంబరు సూదితో 40/3 లినెన్ దారం నాలుగు పొరల మీద ఒక్కసారైనా తెగకుండా సాగింది. రోజూ సంచులు కుట్టి అమ్మేవారికి ఇదే సరైనది.

18/3 వంటి లావు దారాన్ని ఈ మూడింటిలో దేనిపైనా ప్రయత్నించకండి. దానికి తేనెమైనం రాసి చేత్తో కుట్టడమే మంచిది. మిషను దారానికి మాత్రం మైనం వద్దు, అది దారాన్ని బిగించే టెన్షన్ బిళ్ళల మధ్య పేరుకుంటుంది.

దుకాణానికి మీ గొంగడి ముక్కనూ దారాన్నీ వెంట తీసుకెళ్ళండి. విడి సూదికి దారం ఎక్కించి, ఆ దారాన్ని ఏటవాలుగా బిగించి పట్టుకుంటే సూది దానంతటదే కిందికి జారాలి. ఆ తరువాత నాలుగు పొరలు కుట్టించి, ముక్కను తిరగేసి అడుగు కుట్టు చూశాకే డబ్బు చెల్లించండి.