ఒకే గదిలో నలుగురం: ఏడేళ్ల వాడకం తర్వాత

మైసూరులో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు నేనూ మా ఆయనా బాత్‌రూములో కూర్చుని మసాలా దోశ తిన్నాం. ఆయన బోర్లించిన బకెట్ మీద, నేను మూత వేసిన కమోడ్ మీద. చట్నీ పొట్లం వాష్‌బేసిన్ అంచున. గదిలో పిల్లలు అప్పుడే నిద్రపోయారు. లైటు వేస్తే లేస్తారు, కాగితం గరగరలాడినా లేస్తారు. “గదికి కట్టిన డబ్బులో మనం వాడుకుంటున్నది ఈ ఐదడుగులే” అని ఆయన గుసగుసగా లెక్క చెప్పారు. నా నవ్వు బయటికి వినబడకూడదని కుళాయి తిప్పాను. ఆ చప్పుడుకు చిన్నది లేచింది.

మా బాబుకు ఇప్పుడు ఎనిమిదేళ్లు, పాపకు నాలుగు. బాబుకు పదకొండో నెలలో తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించడంతో మొదలైంది ఈ ప్రయాణాల వరస. ఆ తర్వాత అరకు, ఊటీ, మైసూరు, పూరీ, విశాఖ అయితే మూడుసార్లు. ఒక్కసారి తప్ప ఎప్పుడూ ఒకే గది. డబ్బు ఒక కారణం. పిల్లల్ని వేరే గదిలో పడుకోబెట్టే ధైర్యం లేకపోవడం రెండోది. ఇంట్లోనూ అందరం ఒకే గదిలో పడుకుంటాం కదా, హోటల్లో కొత్తగా వచ్చే ఇబ్బంది ఏముంటుంది అనుకునేదాన్ని.

కొత్త ఇబ్బంది నిద్రలో లేదు. పిల్లలు పడుకున్నాక ఇంట్లో మనకు హాలు ఉంటుంది, వంటగది ఉంటుంది, ఇంకేమీ లేకపోతే మెట్ల మీద కూర్చోవచ్చు. హోటల్లో రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా పెద్దవాళ్లకు చోటు లేదు. చీకట్లో, దుప్పటి కింద ఫోను వెలుతురులో, ఇద్దరూ చెరో పక్కకు తిరిగి పడుకోవాలి. మళ్లీ తెల్లవారుజామున ఐదింటికి పాప లేచి “అన్నయ్య లేచాడా?” అని అన్నయ్య చెవిలోనే అడుగుతుంది. సెలవులకు వెళ్లి అలసిపోయి వచ్చామంటే అది తిరిగినందువల్ల కాదు, ఈ రెండు పూటల వల్లే.

అందుకే గది ఎన్ని చదరపు అడుగులో అడగడం మానేశాను. రెండో తలుపు ఉందా, అది తీస్తే కూర్చునే చోటు ఉందా అని అడుగుతాను.

ఈ సంగతి నాకు అరకులో అర్థమైంది. విశాఖ నుంచి కిరండూల్ రైలులో సొరంగాలు లెక్కపెడుతూ, బొర్రా గుహల మెట్లు ఎక్కి దిగి, పిల్లలు ఏడున్నరకే వాలిపోయారు. మాకు దొరికిన గది మైసూరు గదిలో సగం ఉంటుంది. గోడలకు చెమ్మ, టీవీ పనిచేయదు. కానీ ముందు వరండా, అందులో రెండు పేము కుర్చీలు. తలుపు ఓరగా వేసి, లోపలి ఊపిరి వింటూ, పొగమంచులో బొంగు చికెన్ తిన్నాం. పదకొండు దాకా మాట్లాడుకున్నాం. ఏమిటో పెద్ద విషయాలు కూడా కావు, ఆయన ఆఫీసులో ఎవరో సెలవు పెట్టిన సంగతి. నా లెక్కలో మేం ఉన్న గదులన్నిటిలో అదే మంచిది.

రెండో తలుపు ఉంటే చాలదు, అది ఎక్కడికి తెరుచుకుంటుందో చూడాలి. పూరీలో సముద్రం కనిపించే బాల్కనీ అని గొప్పగా తీసుకున్నాం. రెయిలింగు కడ్డీల మధ్య పాప తల పట్టేంత సందు ఉంది. పైగా రెయిలింగుకు ఆనించి ప్లాస్టిక్ కుర్చీ. వెళ్లగానే కుర్చీ లోపల పెట్టి, తలుపుకు పైన గడియ వేసి, మూడు రోజులూ సముద్రాన్ని అద్దంలోంచి చూశాం. బాల్కనీ ఉన్న గదిలో కాలు పెట్టిన వెంటనే నేను చేసే మొదటి పని ఇప్పటికీ కుర్చీ లోపలికి లాగడమే.

బాత్‌రూము గడియ గురించి కూడా చెప్పాలి. బాబుకు మూడేళ్లప్పుడు ఒక హోటల్లో లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. పెట్టడం వచ్చింది, తీయడం రాలేదు. లోపల వాడు ఏడుపు, బయట నేను ఏడుపు. చివరికి హోటలు కుర్రాడు వెనక సందులోంచి వెంటిలేటరు అద్దపు పలకలు ఒక్కొక్కటే ఊడదీసి చెయ్యి పెట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ రోజు నుంచి తలుపు పై అంచు మీద ఎప్పుడూ ఒక తువ్వాలు మడిచి వేస్తాను. తలుపు పూర్తిగా మూసుకోదు, గడియ పడదు. రాత్రి బాత్‌రూము లైటు వేసి ఉంచితే ఆ సందులోంచి వచ్చే సన్నని వెలుతురు పిల్లలకు సరిపోతుంది కూడా.

ఇక మంచం. ‘ఎక్స్‌ట్రా బెడ్’ అని డబ్బు కట్టించుకుని మాకు దాదాపు ప్రతిచోటా నేల మీద ఒక పరుపే వేశారు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, నేల మీది పరుపు నుంచి ఎవరూ కింద పడరు. ఫిర్యాదల్లా రాత్రి పది దాటాక దాన్ని మోసుకొచ్చి తలుపు తట్టేవాళ్ల మీదే. గదిలోకి వెళ్లగానే పరుపు తెప్పించుకుని మూలన వేయించండి. రెండు చిన్న మంచాలు కలిపి పెద్ద మంచం అని చూపించే గదులు మహా చెడ్డవి. అర్ధరాత్రికి మంచాలు విడిపోతాయి, మధ్య లోయలో ఒక పిల్ల ఉంటుంది. పెద్ద మంచమైతే గోడకు జరిపి, బయటి వైపు దుప్పటి చుట్టి పక్కగుడ్డ కింద పెడతాను, వరిమడికి గట్టు వేసినట్టు. మా పాప ఆ గట్టు ఇప్పటిదాకా ఒక్కసారే దాటింది.

కరెంటు కార్డు సంగతి తెలియక మొదట్లో చాలా తిప్పలు పడ్డాం. గోడకున్న ఖానాలో తాళం కార్డు పెడితేనే గదిలో కరెంటు. నిద్రపోతున్న పాప దగ్గర నేనుండి, బాబును తీసుకుని ఆయన భోజనానికి వెళ్తూ అలవాటుగా కార్డు లాక్కెళ్లారు. ఏసీ ఆగింది, ఫ్యాను ఆగింది, మే నెల విశాఖ, పది నిమిషాల్లో పాప లేచింది. దిగగానే రెండో కార్డు అడిగి తీసుకోవాలి, అంతే. కొన్నిచోట్ల ఏ అట్టముక్క దూర్చినా వెలుగుతుంది, అది వేరే సంగతి.

ఫ్యాను అంటే గుర్తొచ్చింది. ఊటీ 2,240 మీటర్ల ఎత్తులో ఉంది, మా గదిలో ఫ్యానే లేదు. ఇంట్లో మా పిల్లల నిద్రను కాపాడేది ఫ్యాను చప్పుడని నాకు అక్కడే తెలిసింది. ఆ నిశ్శబ్దంలో బ్యాగు జిప్పు తీస్తే ఉరుము ఉరిమినట్టుంది. రెండో రాత్రి ఫోనులో వాన చప్పుడు పెట్టి, మర్నాటి బట్టలన్నీ ముందే బయట పెట్టుకున్నాం. ఆ రాత్రే బాబు పక్క తడిపాడు. చలిలో పరుపు ఆరే ప్రసక్తే లేదు. మొహం చెల్లక దాచాలని చూశాను కానీ మా ఆయన కిందకు వెళ్లి ఉన్నమాట చెప్పారు. వాళ్లు ఒక్క మాట కూడా అనకుండా వేరే పరుపు పంపారు. ఇప్పుడు రబ్బరు షీటు మా పెట్టెలో అడుగున శాశ్వతంగా ఉంటుంది.

ముహూర్తాల రోజుల్లో ఇంకో ప్రశ్న అడగండి: కింద ఫంక్షన్ హాలు ఉందా? ఉంటే ఏ అంతస్తు మీద? మాకు ఒకసారి విశాఖలో సరిగ్గా పెళ్లి మీదే గది ఇచ్చారు. రాత్రి ఒంటిగంటకు తాళి. బ్యాండు మేళం మొదలవగానే పిల్లలిద్దరూ మంచం మీద లేచి నిలబడి గెంతారు. నిజం చెప్పొద్దూ, కాసేపటికి మేమూ నవ్వాం, కానీ మర్నాడు కైలాసగిరి చూడలేదు, నిద్రపోయాం.

తిరుమల గదిని మాత్రం నేను ఈ కొలతలతో కొలవను. అక్కడ గదిలో ఎవరుంటారు? కల్యాణకట్ట, క్యూ, అన్నప్రసాదం, మళ్లీ క్యూ. నేల మీద చాప, దుప్పటి, మూడు గంటల కునుకు. పదకొండు నెలల వాడు గుండు మీద గంధంతో మా ఇద్దరి మధ్య హాయిగా పడుకున్నాడు. ఏడాది లోపు పిల్లలతో ఒకే గదికి ఐదుకు ఐదు ఇస్తాను. రెండు, మూడేళ్ల మధ్య ఒకటి, అదీ జాలితో. ఇప్పుడు మూడు.

రెండు గదులు తీసుకోవచ్చు కదా అంటారు. ఒకసారి తీసుకున్నాం, అత్తయ్య మాతో వచ్చినప్పుడు. లెక్క కూడా బాగానే కుదిరింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతమే, ఆపైన 18. ఎనిమిది వేల ఫ్యామిలీ సూటు తీసుకుంటే పన్నుతో 9,440 అవుతుంది. నాలుగు వేల గదులు రెండు తీసుకుంటే 8,400. ఇలా లెక్కగట్టి, అత్తయ్యకూ బాబుకూ ఒక గది, మాకూ పాపకూ ఒకటి అని పంచుకున్నాం. పదకొండింటికి తలుపు చప్పుడు. వాడికి మేం కావాలి, అత్తయ్యకు కొత్తచోట ఒంటరిగా ఉండటం భయం. చివరికి ఐదుగురం ఒకే గదిలో పడుకున్నాం. రెండో గదిలో మా సూట్‌కేసులు ఏసీ వేసుకుని సుఖంగా నిద్రపోయాయి. మధ్యలో తలుపున్న జంట గదులైతే నయమేమో. బుకింగులో రాసుకున్నంత మాత్రాన అవి ఇస్తారని నమ్మకం లేదు, హోటలుకే ఫోను చేసి మాట తీసుకోవాలి.

ఈ వేసవిలో ఒకే గది పద్ధతికి కొత్త చిక్కు వచ్చిపడింది. రాత్రి పిల్లల ఊపిరి నిలకడ అయ్యేదాకా ఆగి, చీకట్లో మేమిద్దరం బాబు స్కూలు మార్చే విషయం మాట్లాడుకున్నాం. ఫీజు ఎంత, బస్సు దూరం, పాత స్నేహితులు పోతారు కదా అని. పొద్దున ఇడ్లీ ముక్క తుంచకుండా అటూ ఇటూ నెడుతూ వాడు అడిగాడు: “అమ్మా, నన్ను నిజంగా ఆ స్కూలు మాన్పిస్తారా?” ఎప్పటినుంచి వింటున్నావురా అంటే, “ఊటీ నుంచి” అన్నాడు.

దసరాకు హార్సిలీ హిల్స్ వెళ్తున్నాం. ఫోనులో అవతలి ఆయన గీజరు గురించీ టీవీ గురించీ చెబుతుంటే ఆపి, తలుపు బయట రెండు కుర్చీలు పడతాయా అని అడిగాను. పడతాయి మేడమ్, కానీ రాత్రిపూట అక్కడ చలిగా ఉంటుంది అన్నాడు. శాలువలు తెచ్చుకుంటామని చెప్పి అడ్వాన్సు కట్టేశాను.