సీడ్ రిపోర్టును నిలువుగా చదివితే: జీసీఎస్ఈ మ్యాథ్స్ టీమ్ లీడర్‌గా నా అనుభవం

ఇంగ్లండ్‌లో పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈ పరీక్షలో మ్యాథ్స్ జవాబులు దిద్దే ఒక టీమ్‌కు లీడర్‌గా చాలా వేసవులుగా పనిచేస్తున్నాను. పేపర్లు స్కాన్ అయి తెర మీదకు రావడం, ఒకే పిల్లవాడి పేపర్లోని ప్రశ్నలు తలా ఒకరికి వెళ్లడం ఇక్కడి టీచర్లందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది మా దిద్దుబాటు ఎంత సరిగ్గా ఉందో చూపే సీడ్ రిపోర్టులో ఉండే రెండో పట్టిక గురించి. దాన్ని తెరిచేవాళ్లు తక్కువ. నాకు మాత్రం ఆ పట్టికంటే ప్రాణం. అది లేకపోతే ఒక మంచి ఎగ్జామినర్‌ని చేజేతులా పోగొట్టుకునేవాళ్లం.

కొత్తగా ఈ పనిలో చేరేవాళ్ల కోసం రెండు మాటలు. సీనియర్ ఎగ్జామినర్లు ముందే చర్చించి మార్కు ఖాయం చేసిన జవాబును సీడ్ అంటారు. మామూలు జవాబుల మధ్యలో దాన్ని కలిపి పంపుతారు. ఏది సీడో దిద్దేవాళ్లకు తెలియదు. వాళ్లు వేసిన మార్కుకూ ఖాయం చేసిన మార్కుకూ ఉన్న తేడా టాలరెన్స్, అంటే అనుమతించిన హద్దు, దాటితే పేరు పక్కన ఎరుపు పడుతుంది. ఎరుపులు పెరిగితే ఆ ప్రశ్న దిద్దడం ఆగిపోతుంది. టీమ్ లీడర్ మాట్లాడి, సరిచేసి, మళ్లీ తలుపు తెరవాలి.

ఇక్కడికి రాకముందు గుంటూరు వైపు పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ చేశాను. అక్కడ చీఫ్ ఎగ్జామినర్ కట్టలోంచి కొన్ని పేపర్లు తీసి చూసేవారు. ఆయన ఎంత నిజాయితీగా చూసినా, నా కట్టలో ఆయన చేతికి రాని పేపర్ల సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఇక్కడ పొద్దున ఎవరైనా గట్టిగా దిద్దడం మొదలుపెడితే మధ్యాహ్నానికల్లా నా తెర మీద కనబడుతుంది. మొదటి వేసవిలోనే ఈ ఏర్పాటుకు నేను పూర్తిగా లొంగిపోయాను. రిపోర్టులో మొదటిదైన పేర్ల పట్టిక తెరవడం, ఎరుపు ఎక్కడుందో చూడడం, ఆ మనిషికి ఫోన్ చేయడం. పని అంతే అనిపించేది.

ఆ తర్వాత ఒక జూన్‌లో జరిగింది చెప్పాలి. పరీక్ష సమాచారం గోప్యం కాబట్టి అంకెలు మార్చి చెబుతున్నాను. నాలుగు మార్కుల ప్రశ్న: 3x + 2y = 16, 5x − 4y = 12 సాధించండి. జవాబు x = 4, y = 2. ఇక్కడి పిల్లలు మొదటి సమీకరణాన్ని రెండుతో గుణించి, కలిపి, y ని తొలగిస్తారు. సీడ్‌గా వచ్చిన జవాబులో ఆ పిల్లో పిల్లాడో మన దగ్గర మేం బళ్లో నేర్చుకున్న వజ్రగుణన పద్ధతి వాడారు. అందులో x, y, 1 కింద ఒక్కో అంకె వస్తుంది, x, y ల కింది అంకెల్ని 1 కింది అంకెతో భాగిస్తే జవాబు. x కింద −88, 1 కింద −22 సరిగ్గానే రాశారు. y దగ్గర గుర్తు తప్పి −44 రావాల్సిన చోట −116 వచ్చింది. అంటే x సరి, y తప్పు. ఖాయం చేసిన మార్కు 1.

మా టీమ్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉంటారు. ఉత్తర ఇంగ్లండ్ ఆవిడ, నాకన్నా చాలా పెద్దావిడ, ఏ మెట్టుకు ఎన్ని మార్కులో చెప్పే మార్క్ స్కీమ్ కంఠతా వచ్చిన మనిషి. ఆవిడ ఆ జవాబుకు 3 వేశారు. ఆ ప్రశ్నకు టాలరెన్స్ సున్నా కాబట్టి ఎరుపు పడింది. అంతకుముందు రోజు ఇంకో సీడ్‌లో కూడా ఎరుపు ఉండడంతో సిస్టమ్ ఆవిడ్ని ఆ ప్రశ్న నుంచి ఆపేసింది. పేర్ల పట్టికలో చూస్తే కథ స్పష్టంగా ఉంది: ఈవిడ ఉదారంగా దిద్దుతున్నారు, శిక్షణ అవసరం.

ఫోన్ చేసే ముందు ఎందుకో రెండో పట్టిక తెరిచాను. ఇందులో అడ్డు వరసల్లో మనుషులు, నిలువు వరసల్లో సీడ్లు. పై నుంచి కిందికి చదివితే ఆ ఒక్క సీడ్ దగ్గర మాత్రమే టీమ్ రెండుగా చీలిపోయి ఉంది. కొందరు 1, కొందరు 3. మధ్యలో ఎవరూ లేరు. అజాగ్రత్తగా దిద్దితే మార్కులు అలా ఉండవు, చెల్లాచెదురుగా ఉంటాయి. గడి మీద నొక్కితే జవాబు తెరుచుకుంది. చూడగానే నాకు మా గుంటూరు తరగతి గది లెక్క కనబడింది.

ఆవిడ్ని అడిగాను. "ఈ పద్ధతి నాకు తెలియదు. అక్షరాలు పెట్టి నేనే చేసి చూసుకున్నాను, ప్రతిసారీ పనిచేస్తుంది. అప్పుడు పద్ధతి మార్కులు ఇవ్వకుండా ఎలా ఉంటాను?" అన్నారు. ఒక్క జవాబు కోసం ఆవిడ కాగితం తీసుకుని పద్ధతిని నిరూపించుకున్నారు. 1 వేసి ఆకుపచ్చలో ఉన్నవాళ్లలో కొందరికి అదేం పద్ధతో అర్థం కాలేదు, తెలియని రాత అని x కి ఒక మార్కిచ్చి ముందుకు వెళ్లారు. పట్టిక మాత్రం వాళ్లనే కచ్చితమైనవాళ్లని చూపించింది. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ పేపర్ దిద్దుబాటుకు పెద్ద అయిన ప్రిన్సిపల్ ఎగ్జామినర్‌కు వివరంగా రాశాను. మార్క్ స్కీమ్‌లో సమానమైన ఇతర పద్ధతులకు చోటుందనీ, గుర్తు తప్పిన చోట చివరి మార్కు మాత్రమే పోవాలనీ. మర్నాటికల్లా ఖాయపు మార్కు 3 అయింది. రంగులు తారుమారయ్యాయి, ఆవిడ మళ్లీ దిద్దడం మొదలుపెట్టారు. అంతకన్నా ముఖ్యంగా, 1 వేసినవాళ్లు అంతవరకు దిద్దిన జవాబుల్లో ఇదే పద్ధతి ఉన్నవి వెతికి సరిచేశాం. ఆ పిల్లలెవరో మాకు తెలియదు, వాళ్లకు మా సంగతి తెలియదు. ఇక్కడికి వలస వచ్చి, ఇంట్లో అమ్మానాన్నలు నేర్పిన దారిలో లెక్క చేసే పిల్లలు ఎంతమందో!

అందుకే మొదట్లో నేను పొగిడిన పేర్ల పట్టికను ఇప్పుడు అంతగా నమ్మను. అందులో సగటు తేడా అని ఒక గడి ఉంటుంది. ఒకసారి +2, ఇంకోసారి −2 వేసే మనిషికి అక్కడ సున్నా చూపిస్తుంది. ఎప్పుడూ ఒక మార్కు తక్కువ వేసే మనిషి మాత్రం దోషిలా కనబడతాడు. నిజానికి రెండోవాడికి ఒక్క ఫోన్‌తో చెప్పి సరిచేయొచ్చు, మొదటివాడే ప్రమాదం. గుర్తులు తీసేసి చూపే తేడా గడి పక్కనే ఉంటుంది, అదే చూడాలి. ఇంకో సంగతి, సీడ్లు మొత్తం పనిలో చిన్న వాటా. రాత్రి పదకొండు దాటాక అలసటతో దిద్దిన వాటిలో సీడ్ రాకపోతే రిపోర్టుకు ఏమీ తెలియదు. అందుకే దిద్దిన వేళలు, ఒక్కో జవాబుకు పట్టిన సమయం కూడా పక్కన పెట్టుకుని, మామూలు జవాబులు కొన్ని నేనే తెరిచి చూస్తాను.

ఇదంతా మ్యాథ్స్ మాట. ఇక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, సీనియర్ ఎగ్జామినర్ దిద్దితే వచ్చే గ్రేడే పిల్లలకు వచ్చే సంభావ్యత మ్యాథ్స్‌లో 0.96 దాకా ఉంటే, ఇంగ్లిష్ భాషాసాహిత్యాల్లో 0.52 దగ్గర ఉంది. వ్యాసాలు దిద్దే టీమ్‌లో ఒక సీడ్ దగ్గర జనం చీలిపోతే అది సీడ్ తప్పో, ఇద్దరు మంచి పాఠకుల మధ్య అభిప్రాయ భేదమో చెప్పడం నా వల్ల కాదు. నాది చిన్న టీమ్, అందరితో ఫోన్లో మాట్లాడే వీలుంది. పైగా ఆ పద్ధతి నేను చదువుకున్నదే కావడం కలిసొచ్చింది. పెద్ద టీమ్ ఉన్నవాళ్లకు రోజూ రెండు పట్టికలూ చదివే తీరిక ఉండకపోవచ్చు, వాళ్లకు పేర్ల పట్టికే దిక్కు కావచ్చు.

వచ్చే వేసవికి కూడా ఒప్పుకున్నాను. పరీక్ష బోర్డు అడిగిన అభిప్రాయాల ఫారంలో మాత్రం ఒకటి రాశాను: ఒక సీడ్ దగ్గర టీమ్ రెండుగా చీలితే, ఎవర్నైనా ఆపేముందు ఆ సీడ్‌ను ప్రిన్సిపల్ ఎగ్జామినర్‌కు పంపే ఏర్పాటు పెట్టండి అని.