పేరు మార్చాలా, పాత్ మార్చాలా, పూర్తి దారి ఇవ్వాలా?

మా ములుగు వైపు ఊళ్లలో "సమ్మయ్యా" అని కేకేస్తే నలుగురు పలుకుతారు. మేడారం మొక్కు పేర్లు మరి. మనం టైప్ చేసిన కమాండ్లను నడిపే షెల్‌కు ఆ గొడవ లేదు. ఒకే పేరుతో రెండు ప్రోగ్రాంలుంటే, 'పాత్' అనే ఫోల్డర్ల జాబితాలో వరసగా వెతికి ముందు ఎదురైన సమ్మయ్యను పట్టుకొచ్చేస్తుంది, ఇంకొకరున్నారని మాట వరసకైనా చెప్పదు.

హన్మకొండలో మేం పత్తి తూకాలను కిలోల నుంచి క్వింటాళ్లకు మార్చే చిన్న ప్రోగ్రాం రాసి 'కన్వర్ట్' అని పేరు పెట్టాం. నా ల్యాప్‌టాప్‌లో టెస్టులన్నీ పాస్, మా జూనియర్ దగ్గర అన్నీ ఫెయిల్. అతని లినక్స్‌లో ఇమేజ్‌మ్యాజిక్ ఉంది, ఫొటోలు మార్చే దాని కమాండ్ పేరూ కన్వర్టే. మా తూకాల ఫైలును బొమ్మ అనుకుని తెరవబోయింది. విండోస్‌లో ఆ పేరుతో డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కు మార్చే కమాండ్ ఉంది, తలుచుకుంటేనే టెన్షన్!

పేరుకు ఇంటిపేరు తగిలించి 'పత్తి-కన్వర్ట్' అనడం ఒక దారి. బయటికి ఇచ్చే ప్రోగ్రాంకు ఇదే మేలు, కాకపోతే మొదట్లోనే చేయాలి. డెబియన్ అనే లినక్స్‌లో 'నోడ్' పేరు అప్పటికే ఒక హామ్ రేడియో ప్రోగ్రాంకు ఉండటంతో, జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్ కమాండ్ కొన్నేళ్లు 'నోడ్‌జేఎస్' పేరుతోనే నడిచింది. 'నోడ్' అని రాసుకున్న స్క్రిప్టులు అక్కడ ఆగిపోయేవి.

టెస్టు మొదట్లో తాత్కాలిక ఫోల్డర్ చేసి, దాన్ని పాత్‌లో అన్నిటికంటే ముందు పెట్టడం రెండోది. కోడ్ మార్పులను భద్రపరిచే 'గిట్' ప్రోగ్రాంకు నకిలీ పెట్టి మన ప్రోగ్రాం దాన్ని ఎలా పిలుస్తుందో చూడాలంటే దీన్ని మించింది లేదు. కానీ ప్రోగ్రాంకు 'టెస్ట్' అని పేరు పెట్టి చూడండి. బాష్ అనే షెల్ అసలు పాత్ వైపే పోదు. తనలోనే ఉన్న టెస్ట్ కమాండ్‌ను నడిపేస్తుంది. ఆర్గ్యుమెంట్లు ఇవ్వకపోతే అది ఒక్క ముక్కా రాయదు, 'కాదు' అని అర్థమొచ్చే 1 అనే ఎగ్జిట్ కోడ్ ఇచ్చి ఊరుకుంటుంది. ప్రోగ్రాంలోనే తప్పుందని వెతుక్కుంటూ కూర్చోవడమే.

టెస్టులకు నా ఓటు పూర్తి దారికే, అంటే ప్రోగ్రాం ఏ ఫోల్డర్‌లో ఉందో దాంతో సహా రాయడానికే. పేరులో ఒక్క స్లాష్ (/) ఉంటే చాలు, షెల్ తన లోపలి కమాండ్లనూ చూడదు, పాత్‌నూ చూడదు, నేరుగా ఆ ఇంటికే పోతుంది. దారిని ఒక వేరియబుల్‌లో ఒకసారి రాసుకుని టెస్టులన్నిటిలో అదే వాడితే సరి. ఇన్‌స్టాల్ అయ్యాక ఉత్త పేరుతో పిలిస్తే పలుకుతుందో లేదో మాత్రం ఇందులో తేలదు, దానికి విడిగా ఒక టెస్టు రాయాలి.

మేం ముందు వేరియబుల్ పెట్టాం, టెస్టులు ఇద్దరి దగ్గరా పాసయ్యాయి. పేరు మాత్రం మార్చక తప్పలేదు.