చౌక ఏపీఆర్‌ఎస్ ట్రాకర్లు కొనేవాళ్లూ, జాగ్రత్త: ఎల్ఈడీ వెలిగినంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు

"కాల్‌సైన్ (మీ హామ్ లైసెన్స్ గుర్తు) వేసి ఆన్ చేస్తే చాలు" అంటూ అమ్ముతున్న ఊరూ పేరూ లేని 1 వాట్ ఏపీఆర్‌ఎస్ ట్రాకర్ల (తామున్న చోటును హామ్ రేడియోలో డేటా ప్యాకెట్లుగా పంపే పరికరాలు) గురించి ఈ హెచ్చరిక. జీపీఎస్ లాక్ అవుతుంది, పంపేటప్పుడు ఎర్ర లైటూ వెలుగుతుంది, మ్యాప్ మీద మాత్రం స్టేషన్ రాదు. అడిగితే "మీ దగ్గర్లో డిజిపీటర్ (ప్యాకెట్లను అందుకుని మళ్లీ ప్రసారం చేసే స్టేషన్) లేదేమో" అని తప్పించుకుంటున్నారు. ఆ మాట విని ఊరుకుంటే వాపసు గడువు కాస్తా దాటిపోతుంది.

డిజిపీటర్‌తో పని లేకుండానే బల్ల మీద తేల్చేయొచ్చు. ట్రాకర్‌కు యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (పవర్‌ను వేడిగా మింగేసే రెసిస్టర్) పెట్టండి; ఏదీ తగిలించకుండా ట్రాన్స్‌మిట్ చేస్తే ఫైనల్ (చివరి పవర్ ట్రాన్సిస్టర్) కాలిపోవచ్చు. కాస్త దూరంలో ఇంకో రిసీవర్ ఉంచి, దాని స్పీకర్ ఆడియోను కంప్యూటర్‌లోని డైర్‌వుల్ఫ్‌కు (ప్యాకెట్లను డీకోడ్ చేసే సాఫ్ట్‌వేర్) ఇవ్వండి. ప్యాకెట్ డీకోడ్ అయితే "ఆడియో లెవెల్ = 50(13/12)" లాంటి వరుస వస్తుంది. బ్రాకెట్లో మొదటి అంకె 1200 హెర్ట్జ్ టోన్‌ది, రెండోది 2200ది. రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. రెండోది సగానికి పడిపోయిందంటే ట్రాకర్‌లో ప్రీ-ఎంఫసిస్ (పంపే ముందు హెచ్చు టోన్లను పెంచడం) లేదని అనుమానించాలి. అయితే తప్పు రిసీవర్‌దీ కావచ్చు, కాబట్టి అదే రిసీవర్‌లో వేరే స్టేషన్ల ప్యాకెట్లతో పోల్చాకే నింద వేయండి.

అసలు డీకోడే కాకపోతే ముందు డీవియేషన్ (ఆడియోకు క్యారియర్ ఫ్రీక్వెన్సీ ఎంత ఊగుతుందో) చూడండి. 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటే చాలు. ఆడియోను మోతాదు మించి తోస్తే టోన్లు నలిగిపోతాయి. చెవికి గట్టిగా వినిపిస్తుంది కదా అని మోసపోవద్దు. తర్వాత టీఎక్స్ డిలే (ట్రాన్స్‌మిటర్ ఆన్ అయ్యాక డేటా మొదలయ్యేదాకా ఆగే సమయం). క్యారియర్ నిలదొక్కుకోకముందే డేటా మొదలైతే ప్యాకెట్ తల తెగిపోతుంది. 300 మిల్లీసెకన్లు పెట్టి చూడండి. ఆ సెట్టింగే లేని ఫర్మ్‌వేర్ అయితే బాగుచేయాలని కూర్చోకుండా తిప్పి పంపేయండి.

డీకోడ్ అయినా పొజిషన్ తప్పు కావచ్చు. ఇది మరీ దొంగ లోపం. కంప్రెస్ చేయని మామూలు ఏపీఆర్‌ఎస్ ప్యాకెట్లో అక్షాంశం డిగ్రీలు, నిమిషాల్లో వెళ్తుంది. 40.50 డిగ్రీలంటే 40 డిగ్రీల 30 నిమిషాలు, అంటే 4030.00 రావాలి. దశాంశాన్నే నిమిషాలనుకునే ఫర్మ్‌వేర్ 4050.00 పంపుతుంది. తేడా 20 నిమిషాలు, దాదాపు 37 కిలోమీటర్లు. వెతకడానికి వెళ్లేవాళ్లు దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు. జీపీఎస్ యాంటెన్నా మీద రేకు డబ్బా బోర్లించి కూడా చూడండి. లాక్ పోయాక కూడా పాత పొజిషన్‌నే కొత్తదిలా పంపుతూ ఉంటే ఆ ట్రాకర్ ఎందుకూ పనికిరాదు.

ఫ్రీక్వెన్సీ ముందే అడగండి: యూరప్‌లో 144.800, ఉత్తర అమెరికాలో 144.390 మెగాహెర్ట్జ్. ఒకదానికే బిగించి, మార్చే వీలు లేకుండా ఇస్తున్నారు. లోరా (వేరే రకం మాడ్యులేషన్ వాడే రేడియో) బోర్డులనూ ఏపీఆర్‌ఎస్ ట్రాకర్ పేరుతోనే అమ్ముతున్నారు. వాటి ప్యాకెట్లు 144 మెగాహెర్ట్జ్‌లోని మామూలు డిజిపీటర్లకు అర్థం కావు. యూరప్‌లో లోరా ఏపీఆర్‌ఎస్ నడిచేది 433.775 మెగాహెర్ట్జ్‌లో, 868 లేదా 915 మెగాహెర్ట్జ్ బోర్డు అంటగడితే అక్కడా పనిచేయదు.

తిప్పి పంపాలనుకుంటే సోల్డరింగ్ జోలికి పోకండి. డైర్‌వుల్ఫ్ తెర మీది ముడి ప్యాకెట్, పక్కనే అసలు జీపీఎస్ రీడింగ్, రెండూ ఒకే వీడియోలో పడేలా తీసి అమ్మినవాళ్లకు పంపండి.