బీఎస్సీ రెస్పిరేటరీ థెరపీ: చేరి పదేళ్ళయ్యాక నా రివ్యూ

2015 ఎంసెట్‌లో ఎంబీబీఎస్‌కి సరిపడా ర్యాంకు రాలేదు, నర్సింగ్ వద్దన్నారు ఇంట్లో, తెలిసినవాళ్ళెవరో చెప్తే హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ కాలేజీలో ఈ కోర్సులో చేరిపోయా, ఊపిరి ఆడని పేషెంట్లకి ఆక్సిజన్, వెంటిలేటర్ చూసుకునే పని నేర్పే కోర్సు ఇది. మూడేళ్ళు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. 2019 నుంచి ఐసీయూల్లోనే పని చేస్తున్నా. చేరేముందు మా మావయ్య అన్న మాట ఇప్పటికీ గుర్తే, "అంటే ఆక్సిజన్ సిలిండర్లు మార్చే పనా అమ్మాయ్?" అని. ఆయన్నేం అనలేం, నాకూ అప్పుడు అంతకుమించి తెలీదు.

ముందే రేటింగ్ చెప్పేస్తా, అయిదుకి మూడున్నర. పనికైతే అయిదుకి అయిదు ఇచ్చేదాన్ని, కోత పెట్టింది చదువు చెప్పిన తీరుకీ జీతానికీ.

ఫస్ట్ ఇయర్ అంతా అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, మిగతా అలైడ్ హెల్త్ (ల్యాబ్, ఎక్స్‌రే లాంటి కోర్సుల) వాళ్ళందరితో కలిపి ఒకే హాల్లో కూర్చోబెట్టారు. సెకండియర్లో అసలు సబ్జెక్ట్ మొదలైంది కానీ మా కాలేజీ ల్యాబ్‌లో ఒకే ఒక్క పాత వెంటిలేటర్ ఉండేది, దాని స్క్రీన్ సగం కనపడేది కాదు, దాని చుట్టూ ముప్పై మందిమి. వెనక వరసలో ఉన్నవాళ్ళు మోడ్‌ల పేర్లు నోట్సులో రాసుకోవడమే తప్ప నాబ్ తిప్పిన పాపాన పోలేదు. ఫీజు మాత్రం టైముకి కట్టించుకునేవాళ్ళు, ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ మాత్రం మూడు నెలలు ఆపారు, అడిగితే ఇదిగో అదిగో అన్నారు.

ఏబీజీ అంటే మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీసి చూసే టెస్టు, పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలి, కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45, బైకార్బొనేట్ 22 నుంచి 26, ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. కానీ నేను మొదటిసారి గుచ్చినప్పుడు సిరంజిలో చిన్న గాలి బుడగ ఉండిపోయింది, అది చూసుకోకుండానే మెషీన్‌కి పెట్టేశా, ఆ గాలి కలిసి రిపోర్టులో ఆక్సిజన్ ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువొచ్చింది, పేషెంటేమో ఆయాసపడుతూనే ఉన్నాడు. సీనియర్ అన్న ఆ కాగితం చూసి "మనిషిని చూడమ్మా, కాగితం తర్వాత" అని మళ్ళీ గుచ్చమన్నాడు. ఆ తాతేమో "ఫర్లేదు తల్లీ, నిదానంగా కానీయ్" అంటున్నాడు, నాకేమో చేతులు వణుకుతున్నాయి.

అసలు చదువు నాకు ఇంటర్న్‌షిప్‌లోనే అయింది. వరంగల్ వైపు ఒక ఆస్పత్రిలో కొన్ని నెలలు వేశారు, అక్కడ పురుగుల మందు తాగొచ్చిన కేసులు ఎక్కువ. ఒకతను మోనోక్రోటోఫాస్ తాగొచ్చాడు, విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చారు, మూడో రోజుకి కోలుకున్నట్టే ఉన్నాడు, టీ కావాలని అడిగాడు కూడా. సీనియర్ అన్న వచ్చి టీ సంగతి పక్కన పెట్టి, దిండు మీంచి తల పైకెత్తమన్నాడు. ఎత్తలేకపోయాడు. ఈ మందు తాగినవాళ్ళకి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్యలో మెడ కండరాలు, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు బలహీనపడే ప్రమాదం ఉంటుంది, ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు, పుస్తకంలో అయితే ఒక పేరాయే. ఆ సాయంత్రానికే అతనికి ట్యూబ్ వేసి వెంటిలేటర్ మీద పెట్టాల్సొచ్చింది, రెండు వారాల పైనే ఉన్నాడు, తర్వాత మెల్లగా వీన్ చేశాం, అంటే వెంటిలేటర్ సాయం తగ్గిస్తూ తీసేశాం. ఇప్పటికీ ఇలాంటి కేసు వస్తే నేను ముందు చేయించేది తల ఎత్తడమే.

ఇంకోటి, వెంటిలేటర్‌లో ఒక్కో శ్వాసకి ఎంత గాలివ్వాలో మనిషి బరువు చూసి కాదు, ఎత్తు చూసి లెక్కేస్తాం. 165 సెంటీమీటర్లున్న మగమనిషి 95 కిలోలున్నా సరే లెక్కలోకి తీసుకునేది దాదాపు 61 కిలోలే, కిలోకి 6 మిల్లీలీటర్ల చొప్పున 370 దగ్గర పెడతాం, పొట్ట పెరిగితే ఊపిరితిత్తులు పెరగవు కదా. దీని వెనకున్న అమెరికా స్టడీ 2000లో వచ్చింది, ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని ఆక్సిజన్ అందని పరిస్థితి) పేషెంట్లకి కిలోకి 12 బదులు 6 మిల్లీలీటర్లిస్తే మరణాలు 39.8 శాతం నుంచి 31కి తగ్గాయి. ఇంత పెద్ద విషయం చేతిలో టేపుతో మొదలవుతుంది, కొలవకుండా కళ్ళతో అంచనా వేసే ఐసీయూలు నేను చూశా.

2021 ఏప్రిల్, మే నెలల గురించి, కరోనా సెకండ్ వేవ్ గురించి, ఎక్కువ రాయను. ముక్కు గొట్టాల ద్వారా వేగంగా ఆక్సిజన్ ఇచ్చే హై ఫ్లో మెషీన్ ఫుల్‌లో పెడితే నిమిషానికి 60 లీటర్ల ఆక్సిజన్ లాగుతుంది, జంబో సిలిండర్‌లో ఉండేది 7 వేల లీటర్లు, అంటే రెండు గంటలు కూడా రాదు. క్లాసులో మార్కుల కోసం వేసిన లెక్క అప్పుడు రాత్రంతా వేస్తూ కూర్చున్నాం. మావయ్య కూడా ఫోన్ చేశాడు, ఎవరిదో జంబో సిలిండర్ దొరికింది, నిమిషానికి 5 లీటర్ల మీద పెడితే ఎంతసేపొస్తుందమ్మా అని. 23 గంటలు, 20కే ఇంకోటి చూసి పెట్టుకో అన్నా.

ఇక జీతం. నా మొదటి జీతం 13 వేలు, నైట్ డ్యూటీలతో కలిపి. రూమ్‌మేట్ బీకాం చేసి కాల్ సెంటర్‌లో నాకంటే ఎక్కువ తెచ్చుకునేది. ఇప్పుడు పర్లేదు కానీ ఐసీయూలో సగం మందికి మనమెవరో తెలీదు, అటెండర్లు, పేషెంట్ వాళ్ళు అందరూ "సిస్టర్" అనే పిలుస్తారు, మొదట్లో సరిచేసేదాన్ని, ఇప్పుడు పలికేస్తున్నా. అలైడ్ హెల్త్ వాళ్ళకి 2021లో పార్లమెంట్ చట్టం చేసింది, నా జీతం స్లిప్పులో మాత్రం ఇప్పటికీ "టెక్నీషియన్" అనే ఉంది. గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, డేటాఫ్లో అనే సంస్థ చేసే సర్టిఫికెట్ల వెరిఫికేషన్, అక్కడి లైసెన్స్ కోసం ప్రోమెట్రిక్ పరీక్ష, అనుభవం లెటర్లు, అవన్నీ ముందు నుంచే జాగ్రత్త చేసుకోవాలి. అమెరికా అనుకుంటే మాత్రం ఏజెంట్ల మాట నమ్మొద్దు, అక్కడ ఆర్ఆర్‌టీ (రిజిస్టర్డ్ రెస్పిరేటరీ థెరపిస్ట్) పరీక్ష రాయాలంటే కోఆర్క్ అనే అక్కడి సంస్థ గుర్తింపున్న ప్రోగ్రామ్ చదివుండాలి, మామూలుగా మన బీఎస్సీ ఒక్కటే పట్టుకెళ్తే కూర్చోనివ్వరు.

మొన్న మా పెద్దమ్మ మనవరాలు చేరతానంటే బ్రోషర్ పక్కన పెట్టి ఆస్పత్రికి వెళ్ళి చూడమన్నా. సొంత ఐసీయూలో ఎన్ని బెడ్లు, ఎన్ని వెంటిలేటర్లు నడుస్తున్నాయి, నైట్‌లో రెస్పిరేటరీ థెరపిస్ట్ ఉంటాడా లేక ఫోన్ చేస్తే వస్తాడా, థర్డ్ ఇయర్ పిల్లలు ఎక్కడ కనపడుతున్నారు, బెడ్ దగ్గరా క్యాంటీన్‌లోనా, ఇవి కనుక్కోమన్నా. వెళ్ళొచ్చి ఫోన్ చేసింది, "పిన్నీ, పిల్లలందరూ ఓపీలో టోకెన్లు రాస్తున్నారు" అని. ఇంకో కాలేజీ చూడ్డానికి శనివారం నేనూ వెళ్తున్నా దానితో.