ఒకే మోడల్, మూడు బండ్లు: 19 ఏళ్ల వాడకం తర్వాత

2005లో మా ఇంటికి మొదటి ఎస్‌యూవీ వచ్చింది. ఇప్పుడు నడుపుతున్నది మూడోది. మూడూ ఒకే కంపెనీవి, మూడూ ఒకే మోడల్. మొదటిది సెకండ్ హ్యాండ్, రెండోది షోరూమ్ నుంచి, మూడోది మళ్లీ సెకండ్ హ్యాండ్. కంపెనీ పేరు మాత్రం చెప్పను. చెప్పగానే ఆ కంపెనీ అభిమానులు ఒక పక్క, పడనివాళ్లు ఇంకో పక్క చేరతారు, అసలు సంగతి మరుగున పడుతుంది. పైగా ఈ సైజు ఎస్‌యూవీ ఏది తీసుకున్నా నేను రాస్తున్నదాంట్లో ముప్పాతిక వంతు వర్తిస్తుంది.

"కొత్తది కొనమంటారా, పాతదా?" అని అడిగేవాళ్లను నేను తిరిగి ఇంకోటి అడుగుతాను. ఆ మోడల్ ఇప్పటి రూపంలో వచ్చి ఎన్నేళ్లయింది? ఈ ప్రశ్న నాకు రెండో బండి కొని ఎనిమిదేళ్లు దానితో వేగాక గానీ తట్టలేదు.

అసలు ఎస్‌యూవీ వైపు వెళ్లింది అమ్మ మోకాళ్ల కోసం. మామూలు కారులో కూర్చోవాలంటే కిందికి దిగబడాలి, లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. జీపులాంటి పెద్ద బండ్లలోకి ఎక్కాలంటే మెట్టు వేయాలి. ఈ మధ్యరకం బండిలో సీటు సరిగ్గా నడుముకు కాస్త దిగువన ఉంటుంది. వెనక్కి తిరిగి కూర్చోవడం, కాళ్లు లోపలికి తిప్పుకోవడం, అంతే. పిల్లల్ని చైల్డ్ సీట్లో కట్టేటప్పుడు నా నడుమూ బతికిపోయింది. నాలుగు చక్రాల డ్రైవ్, గ్రౌండ్ క్లియరెన్స్ అని బ్రోచర్లలో ఎంత రాసినా, మా ఇంట్లో ఈ బండిని మూడుసార్లు కొనిపించింది ఆ సీటు ఎత్తే.

ఈ రకం బండి వచ్చి మరీ ఎక్కువ కాలం కాలేదు. ఒకప్పుడు ఎస్‌యూవీ అంటే లారీలాగా నిచ్చెన ఆకారపు ఫ్రేమ్, దాని మీద బిగించిన బాడీ. 1984 మోడల్ జీప్ చెరోకీ ఆ రెండిటినీ ఒకటిగా కలిపి బరువు తగ్గించింది. 1994లో టొయోటా రావ్4, 1995లో హోండా సీఆర్-వీ, 1997లో సుబారు ఫారెస్టర్ వచ్చి కారు విడిభాగాల మీదే ఎత్తయిన బండిని కట్టాయి. మొదటి సీఆర్-వీలో డిక్కీ అడుగున పరిచిన పలకను బయటికి తీసి కాళ్లు విప్పితే పిక్నిక్ టేబుల్ అయ్యేది. కొన్నవాళ్లు వారం వారం ఏటి ఒడ్డుకు వెళతారని అనుకున్నారు పాపం. మేం మోసింది స్కూలు సంచులు, సరుకులు, ఒకసారి వాషింగ్ మెషిన్.

మా మొదటి బండి 2001లో తయారైంది. మేం కొనేటప్పటికి 78,000 కిలోమీటర్లు తిరిగి ఉంది. వెనక తలుపు పైకి కాకుండా బీరువా తలుపులా పక్కకు తెరుచుకునేది, దాని మీదే స్టెప్నీ వేలాడేది. చూడ్డానికి దర్జాగానే ఉంటుంది. కానీ గోడకు దగ్గరగా వెనక్కి పెడితే డిక్కీ తెరవలేం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ స్టెప్నీ బరువుకు తలుపు కీళ్లు జారి, మూసేటప్పుడు కొద్దిగా ఎత్తి నెట్టాల్సి వచ్చేది. ఆ రోజుల్లో చాలా కంపెనీలవి ఇలాగే ఉండేవి. తర్వాతి తరాల్లో స్టెప్నీ నేల కిందికి పోయింది, తలుపు పైకి లేచింది.

అయినా దానికి వంక పెట్టక్కర్లేదు. పైకప్పును మోసే సన్నటి స్తంభాలు, పెద్ద అద్దాలు, కూర్చుంటే బానెట్ నాలుగు మూలలూ కనిపించేవి. ఏడేళ్లలో మేం 1,27,000 కిలోమీటర్లు తిప్పితే పోయినవి రెండు వీల్ బేరింగులు, ఒక రేడియేటర్, చక్రానికి శక్తిని చేర్చే కడ్డీ చివర ఉండే కీలు, అంటే సీవీ జాయింట్, ఒకటి. ఏ షెడ్డుకు తీసుకెళ్లినా మెకానిక్ బెదరలేదు.

భయపెట్టింది ఒకే ఒక్క రోజు. వానలో కుక్క అడ్డం వస్తే స్టీరింగ్ ఒక్కసారి తిప్పి మళ్లీ సరిచేశాను. బండి వెనక భాగం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు, బండి రోడ్డుకు అడ్డంగా ఆగింది. వెనక సీట్లో పిల్లలు నవ్వుతున్నారు, అదొక ఆట అనుకున్నారు. నా చేతులు మాత్రం ఇంటికొచ్చాక కూడా వణుకుతూనే ఉన్నాయి. ఆ బండిలో స్టెబిలిటీ కంట్రోల్ లేదు. బండి జారుతుంటే అవసరమైన చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే ఈ ఏర్పాటు 1995లోనే ఖరీదైన కార్లలోకి వచ్చింది. అమెరికాలో 2012 మోడల్ కార్లన్నిటికీ, యూరప్‌లో 2014 నవంబర్ నుంచి అమ్మే కొత్త కార్లకు తప్పనిసరి చేశారు. ఎత్తయిన బండి కాబట్టి దీనికి అది మరీ అవసరం. సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీకి నేను గీసే మొదటి గీత ఇదే. స్టెబిలిటీ కంట్రోల్ లేకపోతే ఎంత చవకగా వచ్చినా వద్దు.

2012లో కొత్త తరం విడుదలైన నాలుగో నెలలోనే బుక్ చేశాం. కొత్త బండి వాసన, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు, మా ఆవిడ తీసిన ఫొటోలు. ఆ నెల రోజుల సంతోషాన్ని తక్కువ చేసి చెప్పను. ఆ తర్వాత మొదలైంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రెండు నుంచి మూడుకు మారేటప్పుడు వెనక నుంచి ఎవరో మెల్లగా తోసినట్టు కుదుపు. డిక్కీ తలుపు లోపలి నుంచి కిరకిర. స్క్రీను ఉన్నట్టుండి నల్లబడి మళ్లీ వెలిగేది. పాటల సౌండు తగ్గించడానికి గుండ్రటి నాబ్ తీసేసి స్క్రీను మీద గీత పెట్టారు. గతుకుల రోడ్డు మీద ఆ గీతను వేలితో పట్టుకోవడం ఒక సర్కస్. గేర్‌బాక్స్‌కు మూడుసార్లు సాఫ్ట్‌వేర్ మార్చారు, మూడోసారికి ముప్పావు వంతు తగ్గింది. కిరకిరకు మాత్రం వెళ్లిన ప్రతిసారీ "ఇప్పుడు వినిపించడం లేదు సార్" అన్నదే జవాబు.

ఇవేవీ బండిని రోడ్డు మీద ఆపేసే లోపాలు కావు. అందుకే కోపం ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు. 2016లో మా బావమరిది అదే మోడల్ కొన్నాడు. మధ్యలో ఫేస్‌లిఫ్ట్, అంటే తరం మారకుండానే చేసే మెరుగులు, అయింది కదా, బంపర్లూ లైట్లూ మార్చి ఉంటారనుకుని ఎక్కాను. పది నిమిషాల్లో నా మొహం మారిపోయింది. సౌండు నాబ్ తిరిగొచ్చింది. గేరు మారుతున్నట్టే తెలియడం లేదు. సస్పెన్షన్ మెత్తబడింది, గాలి చప్పుడు సగమైంది. నాలుగేళ్లుగా నేను సర్వీస్ సెంటర్‌లో చేసిన ఫిర్యాదులన్నీ ఎవరో శ్రద్ధగా విని, బాగుచేసి, వాడి చేతికిచ్చినట్టుంది.

కంటికి కనిపించనివి ఇంకా ముఖ్యం. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్‌ఎస్ సంస్థ 2012లో ఒక కొత్త ఢీ పరీక్ష మొదలుపెట్టింది. బండి ముందు వెడల్పులో పాతిక శాతం మాత్రమే, అంటే హెడ్‌లైటు మూల మాత్రమే, గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు తగులుతుంది. 2013లో 13 చిన్న ఎస్‌యూవీలను ఇలా పరీక్షిస్తే అత్యున్నత రేటింగ్ వచ్చింది ఒక్క ఫారెస్టర్‌కే. దాంతో చాలా కంపెనీలు తరం మారేదాకా ఆగకుండా ఉన్న మోడల్ ముందు భాగాన్నే గట్టిపరిచాయి. కొందరు డ్రైవర్ వైపు మాత్రమే గట్టిపరిచారని తర్వాత బయటపడింది. 2016లో అదే సంస్థ, డ్రైవర్ వైపు మంచి రేటింగ్ ఉన్న ఏడు చిన్న ఎస్‌యూవీలను రెండో వైపు పరీక్షిస్తే, హ్యుందాయ్ టుసాన్ ఒక్కటే ఆ స్థాయిలో నిలబడింది. ఆ వైపు కూర్చునేది మా ఆవిడ. బయటి నుంచి చూస్తే అచ్చం ఒకేలా ఉండే రెండు బండ్ల మధ్య ఇంత తేడా ఉంటుంది. అందుకే తయారైన సంవత్సరం మాత్రమే కాదు, ఏ నెలో కూడా చూడాలి.

ఆ లెక్క ప్రకారమే మూడోది వెతికాను. అదే తరంలో చివరి ఏడాదిది, 2017లో తయారైంది, ఒకే ఓనరు, 46,000 కిలోమీటర్లు. 2021లో తీసుకున్నాం. కొత్త తరం అప్పటికే రోడ్డెక్కింది కాబట్టి పాత రూపపు బండిని ఎవరూ తలెత్తి చూడటం లేదు. మా బావమరిది మాత్రం "అదే బండి మళ్లీ కొన్నావేంటి బావా" అని నవ్వాడు. అదే బండి కాదు, నాకు రావాల్సిన బండి అన్నాను.

వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. పదకొండు బండ్లు చూశాను. ఆ అనుభవంలో పనికొచ్చినవి చెబుతాను. చూడటానికి వెళ్లేటప్పుడు "ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని ముందే చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెడితే, వేడిగా ఉంటే, ఎందుకు వేడి చేశారన్న అనుమానం రావాలి. చల్లటి ఇంజిన్ మొదటి పది సెకన్లలో చేసే చప్పుడు అబద్ధం చెప్పదు. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి మట్టం చూడటమే కాదు, వాసన కూడా చూడాలి. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లను చలిలో దగ్గర దగ్గర దూరాలకే తిప్పితే కాలని పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతుంది. మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. డీజిల్ అయితే ఇదే వాడకానికి ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే వడపోత, అంటే డీపీఎఫ్, మూసుకుపోతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే ఇంటికి డీజిల్ ఎస్‌యూవీ అసలు వద్దు.

టైర్ల దగ్గర చాలామంది తొందరపడతారు. టైరు పక్కన ముద్రించిన కోడ్‌లో చివరి నాలుగు అంకెలు 2319 అయితే అది 2019లో 23వ వారంలో తయారైంది. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే అరుగుదలతో ఉన్నాయా అన్నది ఇంకా ముఖ్యం. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండిలో ముందువి కొత్తవి, వెనకవి అరిగినవి అయితే చుట్టుకొలత తేడా వల్ల ముందు, వెనక చక్రాలను కలిపే కప్లింగ్ తిరిగినంతసేపూ జారుతూ వేడెక్కుతుంది. నేను చూసిన ఒక బండిలో ముందు రెండు టైర్లు తళతళలాడుతున్నాయి. "ఇప్పుడే మార్చాం" అని ఓనరు సంబరంగా చెప్పాడు. నాకు మాత్రం ఆ కప్లింగ్ మీద బెంగ పట్టుకుంది, వదిలేశాను. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి మెల్లగా పోనిచ్చినప్పుడు టక్ టక్ మంటే అది సీవీ జాయింట్. దాని గురించి బేరం ఆడవచ్చు, భయపడక్కర్లేదు.

నీళ్లలో మునిగిన బండిని పట్టుకోవడానికి సీటు బెల్టు మొత్తం చివరిదాకా లాగి చూడాలి. లోపల ముడుచుకున్న భాగాన్ని ఎవరూ కడగరు, బురద గీత అక్కడ దొరుకుతుంది. సీటు కింద పట్టాల మీద తుప్పు కూడా అంతే. చిన్న స్కానర్ ఒకటి కొని, బండి కంప్యూటర్‌ను చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కు తగిలిస్తే ఇంజిన్‌లోని లోపాల కోడ్‌లు కనిపిస్తాయి. కోడ్‌లు చెరిపేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. కానీ చెరిపితే కంప్యూటర్ తన సొంత పరీక్షలన్నీ మొదటి నుంచి చేసుకోవాలి. అవి ఇంకా పూర్తి కాలేదని స్కానర్ చూపిస్తే నిన్నో మొన్నో ఏదో తుడిచేశారన్నమాట. రెండు బండ్లను ఇలాగే వదులుకున్నాను. ఇక అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే ఛాసిస్ నంబరుతో రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం, పెండింగ్ ఏమైనా ఉందేమో చూడటం ఐదు నిమిషాల పని. టకాటా కంపెనీ చేసిన లోపపు ఎయిర్‌బ్యాగ్‌ల వ్యవహారం ఎన్నో కంపెనీల బండ్లను తాకింది, వాటిలో మార్చనివి ఇంకా తిరుగుతున్నాయి.

కొత్తది కొనొద్దని కాదు. పదీ పన్నెండేళ్లు ఉంచుకునేవాళ్లకు కొత్తదే నయం, మొదటి రెండేళ్ల విలువ తరుగు అన్నేళ్ల మీద పరుచుకుంటుంది. కాకపోతే కొత్త తరం విడుదలయ్యాక కనీసం ఏడాదిన్నర ఆగండి. లేదా తరం మారబోతుందని తెలిసి షోరూమ్‌లో మిగిలిన చివరి బండ్లను బేరమాడండి. నాలుగేళ్లకోసారి మార్చే అలవాటున్నవాళ్లు కొత్తది కొనడం నాకైతే అర్థం కాదు.

మూడో బండితో మేమూ ఇంకో 46,000 కిలోమీటర్లు తిరిగాం. బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, వెనక షాక్ అబ్జార్బర్ల జత, ఇంతే ఖర్చు. మెచ్చనివీ ఉన్నాయి. స్తంభాలు లావెక్కాయి, మలుపులో నడిచే మనిషి కొన్ని క్షణాలు వాటి వెనక మాయమైపోతాడు. వెనక అద్దం చిన్నదైపోయింది, కెమెరా లేకపోతే వెనక్కి పెట్టడం కష్టం. ఇది ఈ ఒక్క మోడల్ జబ్బు కాదు, ఈ జాతి అంతా ఉబ్బుతోంది. మొదటి తరం రావ్4లో ఐదు తలుపుల బండి పొడవు దాదాపు 4.1 మీటర్లు, 2018లో చూపించిన ఐదో తరానిది 4.6 మీటర్లు. మా పాత పార్కింగ్ చోటులో మొదటి బండి చుట్టూ నడిచేవాళ్లం, ఇప్పుడు ఒక పక్క నుంచి పక్కకు తిరిగి వెళ్లాలి. అమ్మ మాత్రం మూడింటిలో ఇదే బాగుందంటుంది, తలుపు వెడల్పుగా తెరుచుకుంటుందట.

రెండో బండిని అమ్మినప్పుడు సర్వీసు కాగితాలన్నీ ఫైలు కట్టి ఇచ్చాను. గేర్‌బాక్స్ సంగతి, స్క్రీను సంగతి దాచలేదు. మూడు వారాలకు కొన్నాయన ఫోన్ చేశాడు. డిక్కీ తలుపులో కిరకిర వస్తోంది, సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే వినిపించడం లేదంటున్నారు అని. లోపలి ప్యానెల్ కింద కుడి మూలలో అట్టముక్క ఒకటి మడిచి పెట్టి ఉంటుంది, అది జారిపోయి ఉంటుంది, మళ్లీ దోపండి అన్నాను.